ఒకే నది, రెండు చేపలు: ట్రౌట్, స్మాల్‌మౌత్ బాస్ వేటపై పాఠకుల ప్రశ్నలు

అమెరికా తూర్పు తీరంలో ఉంటున్న మన పాఠకులు డెలవేర్ నదిలో కెనూ ప్రయాణం గురించి, చేపల వేట గురించి పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఒకే విషయాన్ని పలువురు అడిగిన చోట వాటన్నిటినీ ఒక ప్రశ్నగా కలిపాము.

ప్రశ్న: నిరుడు జూలైలో మిత్రులతో కలిసి నారోస్‌బర్గ్ దగ్గర డెలవేర్ నదిలో గాలం వేశాను. ట్రౌట్ కోసమని వెళ్తే ఒక్కటీ పడలేదు. పడినవన్నీ స్మాల్‌మౌత్ బాస్‌లే. ఈ నది ట్రౌట్‌కు పేరుపొందినదని అందరూ అంటారు. లోపం గాలంలో ఉందా, ఎరలో ఉందా?
(ఒక పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: గాలంలోనూ లేదు, ఎరలోనూ లేదు. మీరు దిగిన రేవు, వెళ్ళిన నెల ట్రౌట్‌కు సరిపడేవి కావు. డెలవేర్ నది పశ్చిమ పాయ, తూర్పు పాయ న్యూయార్క్ రాష్ట్రంలోని హ్యాంకాక్ దగ్గర కలుస్తాయి. పశ్చిమ పాయ మీద కెనన్స్‌విల్, తూర్పు పాయ మీద పెపాక్టన్ అనే జలాశయాలు ఉన్నాయి. రెండూ న్యూయార్క్ నగరానికి తాగునీరు అందించడానికి కట్టినవి. నగరం ఎంత నీరు తీసుకున్నా దిగువన న్యూజెర్సీలోని మాంటేగ్ దగ్గర నదిలో 1,750 క్యూసెక్కుల ప్రవాహం ఉండేటట్లు చూడాలని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందువల్ల వర్షాలు లేని వేసవిలో కూడా జలాశయాల అడుగునుంచి నీరు వదులుతూ ఉంటారు. ఆ అడుగు నీటికి ఎండ తగలదు కాబట్టి అది మండువేసవిలోనూ చల్లగానే బయటకు వస్తుంది. ఇది రాష్ట్రాల మధ్య నీటి పంపకం తగాదాలో వెలువడిన తీర్పే తప్ప చేపలను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినది కాదు. అయినా దాని ఫలితాన్ని అందరికంటే ఎక్కువగా అనుభవిస్తున్నది ట్రౌట్ చేపే.

ఆ చల్లదనం హ్యాంకాక్ నుంచి దిగువకు వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది. అక్కడినుంచి క్యాలికూన్ వరకు సుమారు 27 మైళ్ళ మేర ప్రధానంగా ట్రౌట్ రాజ్యం. నారోస్‌బర్గ్ అంతకంటే దిగువన ఉంది. జూలై నాటికి అక్కడి నీరు బాస్‌కు హాయిగా, ట్రౌట్‌కు ఊపిరాడనంతగా వేడెక్కుతుంది. ఊపిరాడదన్నది అతిశయోక్తి కాదు. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో 11 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరగగలదు, 20 డిగ్రీల దగ్గర దాదాపు 9 మిల్లీగ్రాములే కరుగుతుంది. నీరు వేడెక్కినకొద్దీ చేప శరీరానికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. ట్రౌట్‌కు 10 నుంచి 18 డిగ్రీల వరకు సుఖం. 20 డిగ్రీలు, అంటే 68 ఫారెన్‌హీట్, దాటిందంటే దానికి కష్టకాలమే. ఆ వేడిలో గాలానికి పడి పెనుగులాడిన ట్రౌట్‌ను ఎంత జాగ్రత్తగా వదిలినా అది బతుకుతుందన్న భరోసా లేదు.

కాబట్టి మేము ఇవ్వగల సలహా ఒక్కటే: కొత్త గాలపు కర్ర కొనేముందు దారం కట్టిన చిన్న థర్మామీటర్ కొనుక్కోండి. ఒడ్డున ఎండ తగిలే నిలవ నీటిలో కాక, పారే నీటిలో మోచేతి లోతున రెండు నిమిషాలు ఉంచి చూడండి. పొద్దున చూసిన అంకెను రోజంతా నమ్ముకోకూడదు; సాయంత్రానికి అదే చోట నీరు అనేక డిగ్రీలు పెరగవచ్చు. 68 ఫారెన్‌హీట్ చూపితే ట్రౌట్ సంగతి ఆ పూటకు మరిచిపోయి బాస్ వైపు తిరగండి. చల్లని వాగు వచ్చి నదిలో కలిసే చోట వేసవి మధ్యాహ్నాలలో ట్రౌట్‌లు గుంపుగా చేరతాయి; అవి మేత కోసం కాక ప్రాణం నిలుపుకోవడం కోసం చేరినవి కాబట్టి అక్కడ గాలం వేయకపోవడమే మర్యాద.

బాస్ విషయానికి వస్తే, అది వడి మధ్యలో ఈదుతూ అలిసిపోదు. పెద్ద బండరాయి వెనుక నీరు మెత్తబడే చోట, రాతి మెట్టు కిందుగా, పారే నీటికీ నిలిచిన నీటికీ నడుమ నురుగు గీతలా కనిపించే అంచున కాచుకుని ఉంటుంది. దానికి అన్నిటికంటే ఇష్టమైన ఆహారం రాళ్ళ సందుల్లో ఉండే క్రేఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి). ఎరను రాయికి ఎగువన వేసి, ప్రవాహమే దాన్ని కిందికి తెచ్చేటట్లు వదిలి, అడుగున రాళ్ళకు తగులుతూ దొర్లనివ్వండి. రాయి తగిలితే దారంలో గట్టిగా, పొడిగా టిక్కుమంటుంది. చేప నోట పడితే ఒక్కసారిగా బరువెక్కినట్లు ఉండి, ఆ బరువు పక్కకు కదులుతుంది. ఆ తేడా వేలికి తెలిసేవరకు కొన్ని చేపలు పోతాయి, అది మామూలే.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్ళు. వాడిని తీసుకుని అద్దె కెనూలో స్కిన్నర్స్ ఫాల్స్ మీదుగా గాలం వేసుకుంటూ దిగుదామని అనుకుంటున్నాము. మధ్యలో లంగరు వేసి ఆగవచ్చా? వాడు లైఫ్ జాకెట్ వేసుకోనని మారాం చేస్తాడు.
(ఒక పాఠకురాలు, పెన్సిల్వేనియా)

జవాబు: లైఫ్ జాకెట్ సంగతి ముందు తేల్చుకుందామమ్మా. పెద్దలకైతే ఒక్కొక్కరికి ఒకటి చొప్పున పడవలో ఉండి తీరాలన్నది చట్టం. మీ అబ్బాయి వయసు పిల్లలు నదిలో ఉన్నంతసేపూ తొడుక్కునే ఉండాలన్నది కూడా చట్టమే. పెన్సిల్వేనియాలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 వరకు కెనూలో ఉన్న పెద్దలూ తొడుక్కోవలసిందే. పిల్లవాడి మారానికి మందు మీరూ తొడుక్కోవడమే.

ఈ నిబంధన వెనుక బలమైన కారణం ఉంది. ఏప్రిల్‌లో ఎండ వెచ్చగా ఉన్నా నీరు మంచులాగే ఉంటుంది. అలాంటి నీటిలో పడ్డ మనిషికి మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పి ఎగశ్వాస వస్తుంది. ఆ తరువాత సుమారు 10 నిమిషాలే చేతులు, కాళ్ళు మాట వింటాయి. శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి గంట వరకు పట్టవచ్చు. అందువల్ల చల్లనీటిలో చాలామందిని చంపేది చలి కాదు, మొదటి కొద్ది నిమిషాలలో తల నీటిపైన నిలుపుకోలేకపోవడం. ఎంత మంచి ఈతగాడైనా దీనికి అతీతుడు కాడు.

స్కిన్నర్స్ ఫాల్స్ ఎగువ డెలవేర్‌లో అందరూ జాగ్రత్తపడే ఉరవడి. ప్రాణాలు పోయిన చోటు. గాలం వేస్తూ దాటే ప్రదేశం కానే కాదు. ఎగువనే ఒడ్డుకు చేరి, దిగి నడిచి చూసి, ఏమాత్రం సందేహం ఉన్నా పడవను గట్టు మీదుగా మోసుకుపోండి. గాలపు కర్రలు అంతకుముందే కట్టివేయాలి, కొక్కేలు పెట్టెలో పెట్టాలి. పడవ తిరగబడినప్పుడు వేలాడే కొక్కేలకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉండదు.

లంగరు విషయంలో మాది ఖచ్చితమైన అభిప్రాయం: పారే నీటిలో, పిల్లవాడు ఉన్న కెనూలో, వద్దు. పడవ నడుమకు తాడు కట్టి లంగరు వేస్తే ప్రవాహం పడవను అడ్డంగా తిప్పి, ఎగువ అంచును కిందికి లాగి, నీరు నింపేస్తుంది. అలవాటున్నవారు కూడా ఒక కొసకే కట్టి, ఒక్క లాగుతో ఊడే ముడి వేసి, పక్కన కత్తి ఉంచుకుంటారు. మీరు ఇసుకతిన్నె దగ్గరో గులకరాళ్ళ ఒడ్డునో పడవను సగం పైకి లాగి, మోకాలిలోతు నీటిలో నిలబడి గాలం వేయండి. నిజానికి కెనూ గొప్పతనం అదే. కాలినడకన చేరలేని ఒడ్డుకు అది చేరుస్తుంది, వేట మాత్రం కాళ్ళ మీద నిలబడి చేయవచ్చు.

పడవలోంచే వేయాలనుకుంటే ఒకరు తెడ్డు వేయాలి, ఒకరు గాలం వేయాలి. ఇద్దరూ ఒకేసారి గాలం వేస్తే పడవను నది నడుపుతుంది. పిల్లవాడిని ముందు కూర్చోబెట్టి మీరు వెనుక తెడ్డు పట్టండి. గాలం పక్కకు విసరడమే నేర్పండి, తలమీదుగా విసిరితే కొక్కెం వచ్చేది మీ ముఖం మీదికే. పడవ రాయికి అడ్డంగా తగిలితే భయంతో రాయికి దూరంగా వాలబుద్ధి అవుతుంది. అలా వాలితే ఎగువ నీరు లోపలికి దూకుతుంది, కాబట్టి రాయివైపుకే వాలాలి. ఒకవేళ నీటిలో పడితే పడవకు ఎగువవైపునే ఉండండి, దిగువన ఉంటే నీరు నిండిన పడవకూ రాయికీ మధ్య నలిగిపోతారు. వెల్లకిలా తేలుతూ కాళ్ళు దిగువకు చాచి పైకి ఉంచండి. వడిలో లేచి నిలబడబోతే రాళ్ళ మధ్య పాదం ఇరుక్కుంటుంది. ఒడ్డునుంచి నీటిలోకి ఒరిగిన చెట్ల కొమ్మలను దూరంనుంచే తప్పించుకోండి. నీరు వాటిలోంచి పోతుంది, మనిషి పోలేడు.

ప్రశ్న: మొదలుపెట్టేవారు ఫ్లై గాలం (పురుగులా కనిపించే తేలికైన ఎరను విసిరేది) కొనాలా, స్పిన్నింగ్ రీల్ కొనాలా?

జవాబు: కెనూలో వెళ్ళేవారికి స్పిన్నింగ్ రీలే. ఆరున్నర అడుగుల కర్ర, ఆరు లేదా ఎనిమిది పౌండ్ల దారం ఈ రెండు చేపలకూ చాలు. ఫ్లై గాలం వేయడానికి వెనుక ఖాళీ స్థలం, స్థిరంగా నిలబడే చోటు కావాలి. ఒడ్డున దిగి ట్రౌట్ కోసం వేసే రోజున దానికి సాటి లేదనేది వేరే మాట.

ప్రశ్న: పట్టిన చేపను మళ్ళీ వదిలేసేటట్లయితే పట్టడమెందుకు? తినడానికి చంపితే అర్థం ఉంది, సరదాకు హింసించడం పాపం కాదా అని మా అత్తగారు అడుగుతున్నారు.

జవాబు: పెద్దావిడ ప్రశ్న సమంజసమైనదే, దాన్ని నవ్వి కొట్టిపారేయకూడదు. కొక్కెం గుచ్చుకోవడం చేపకు కష్టం కాదని వాదించలేము. మా దృష్టిలో, నిబంధనలు అనుమతించే చోట ఒకటి రెండు ఇంటికి తెచ్చుకుని వండుకోవడం తప్పు కాదు. రోజంతా లెక్క పెంచుకోవడానికి పట్టి వదలడమే ఆలోచించవలసిన విషయం. వదలదలచినప్పుడు మాత్రం బతికేటట్లు వదలాలి. కొక్కెపు మొన వెనుక ఎదురు తిరిగి ఉండే ముల్లును పట్టకారుతో ముందే నొక్కేయండి, చేపను ఎక్కువసేపు ఆడించకుండా త్వరగా తెచ్చుకోండి, చేయి తడిపి పట్టుకోండి; పొడి చేయి తగిలితే ఒంటిమీది జిగురు పొర లేచిపోయి జబ్బులు అంటుకుంటాయి. ఫొటో కోసం నీటిలోంచి తీస్తే, మీరు ఊపిరి బిగబట్టగలిగినంతసేపే పైన ఉంచండి.

వసంతంలో బాస్ గురించి ఇంకొక మాట. నీరు 15 డిగ్రీలు దాటాక మగ స్మాల్‌మౌత్ గులకరాళ్ళలో గుంట చేసి, ఆడచేప గుడ్లు పెట్టి వెళ్ళిపోయాక తానొక్కటే కాపలా కాస్తుంది. దాన్ని పట్టి, ఫొటో తీసి, వదిలేలోపే ఇతర చేపలు గుడ్లమీద పడతాయి. లోతులేని నీటిలో ఒకే చోట తిరుగుతూ, దగ్గరికి వచ్చిన ప్రతిదానిమీదికీ దూకే చేప కనిపిస్తే పక్కకు తప్పుకోండి.

ప్రశ్న: మా ఇంటి వెనుక కొండవాగులో చిన్నచిన్న బ్రూక్ ట్రౌట్‌లే ఉన్నాయి. నదినుంచి నాలుగు స్మాల్‌మౌత్‌లు తెచ్చి వదిలితే పెద్ద చేపలు దొరుకుతాయి కదా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. అనుమతి లేకుండా చేపలను ఒక నీటినుంచి ఇంకొక నీటికి తరలించడం నేరం. దానివల్ల జరిగే నష్టం జరిమానాతో పూడేది కాదు. మీ వాగులోని ఆ చిన్న చేపే ఇక్కడి అసలు స్థానికురాలు. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు 1883లో జర్మనీనుంచి వచ్చాయి, రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరపు చేప. స్మాల్‌మౌత్ కూడా పెద్ద సరస్సుల, ఒహాయో, మిసిసిపీ పరీవాహకాల చేపే. 1854లో ఒహాయో పరీవాహకంనుంచి కొన్నింటిని రైలింజను నీటితొట్టిలో తెచ్చి పోటోమాక్ నదిలో వదిలారు. ఆ రోజుల్లో దాన్ని ఉపకారమనుకున్నారు.

ఇప్పుడు అదే పనికి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తున్నదో చూడండి. కెనడాలోని న్యూబ్రన్స్‌విక్‌లో, సాల్మన్‌కు పేరుగన్న మిరమిషి నదికి చెందిన మిరమిషి సరస్సులో 2008లో స్మాల్‌మౌత్‌లు కనిపించాయి. ఏళ్ళ తరబడి వలలు వేసినా పోక, అవి సరస్సునుంచి నదిలోకీ పాకడంతో, చివరికి 2022లో దిగువనున్న నైరుతి మిరమిషి నదిలో కొంత మేర రోటినోన్ అనే, చేపలను చంపే మందు కలపవలసి వచ్చింది. అదే 2022లో అరిజోనాలో, గ్లెన్ కాన్యన్ ఆనకట్ట దిగువన కొలరాడో నదిలో స్మాల్‌మౌత్‌లు పిల్లలు పెడుతున్నట్లు తేలింది. ఆ ఆనకట్ట వెనుకనున్న పవెల్ జలాశయం మట్టం పడిపోయి, పైనుండే వెచ్చని నీరు టర్బైన్ల గొట్టాల దాకా దిగి, ఆ నీటితోపాటు బాస్‌లూ దిగువకు వచ్చాయి. అక్కడి స్థానిక చేప హంప్‌బ్యాక్ చబ్‌ను కాపాడటానికి 2024లో విద్యుదుత్పత్తిని వదులుకుని మరీ అడుగునుంచి చల్లని నీరు విడుదల చేశారు. మీ వాగు చల్లగా ఉన్నంతకాలం తెచ్చి వేసిన బాస్‌లు చిక్కి చస్తాయి. వేడెక్కిన ఏడాది వచ్చిందంటే బ్రూక్ ట్రౌట్ పిల్లలను మింగేస్తాయి.

ప్రశ్న: నది రెండు రాష్ట్రాల సరిహద్దు కదా, ఏ లైసెన్సు తీసుకోవాలి?

జవాబు: 16 ఏళ్ళు నిండిన ప్రతివారికీ లైసెన్సు ఉండాలి. న్యూయార్క్, పెన్సిల్వేనియాల మధ్య సరిహద్దుగా పారే భాగంలో ఈ రెండింటిలో ఏ రాష్ట్రపు లైసెన్సు అయినా చెల్లుతుంది. పెన్సిల్వేనియా లైసెన్సు మీద ట్రౌట్ పట్టేవారికి ట్రౌట్ పర్మిట్ కూడా అవసరం. సరిహద్దు దాటి ఉపనదిలోకి మలుపు తిరిగితే మాత్రం ఆ రాష్ట్రపు లైసెన్సే కావాలి. ఎన్ని చేపలు, ఎంత పొడవు, ఏ నెలల్లో అన్న వివరాలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నిబంధనల పుస్తకం చూసుకుని బయలుదేరండి.