ప్రేమికుల రోజున జంటగా ఎవరికైనా సాయపడాలంటే ఏం చేయొచ్చు?

కానుకలూ డిన్నర్లూ మానేసి ఫిబ్రవరి 14న ఇద్దరూ కలిసి ఎవరికైనా సాయపడాలనుకుంటున్నామని, ఎవరైనా అలా చేశారా అని అడిగారు. మేం నాలుగేళ్లుగా చేస్తున్నాం. మొదటిసారి మాత్రం తప్పులో కాలేశాం.

ఆ ఏడాది గులాబీలు పట్టుకుని ఒక వృద్ధాశ్రమానికి వెళ్లాం. ముందు ఫోన్ కూడా చేయలేదు. అది పెద్దవాళ్లు కునుకు తీసే వేళ. మా కోసం లేపి కూర్చోబెట్టారు. ఒకావిడ చేతిలో గులాబీ పెట్టి ‘హ్యాపీ వాలెంటైన్స్ డే’ అన్నాను. ఆవిడ పువ్వు పక్కన పెట్టి అటు తిరిగి పడుకున్నారు. భర్త పోయి ఇంకా ఏడాది తిరగలేదట. బయటికొచ్చాక మా ఆవిడ, “వాళ్ల కోసం వెళ్లామా, మన కోసమా?” అంది. స్టేటస్‌లో అప్పటికే పెట్టేసిన ఫోటోలు తీసేశాను.

మరుసటి ఏడాది బుద్ధి తెచ్చుకుని, ఒక బ్లడ్‌బ్యాంకుకి ముందే ఫోన్ చేసి ఏం కావాలని అడిగాం. ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు, ఇవ్వగలరా అన్నారు. ఎర్ర రక్తకణాలైతే ఆరు వారాల దాకా నిల్వ ఉంటాయి గానీ, ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులకి మించి ఉండవు. క్యాన్సర్‌కి కీమో చేయించుకునేవాళ్లలో కొందరికి అవి మళ్లీ మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది. మెషిన్ రక్తం లాగి, ప్లేట్‌లెట్లు వేరుచేసి, మిగతాది తిరిగి ఒంట్లోకి పంపిస్తుంది. నాకు గంటన్నర పట్టింది. చెయ్యి కదపకూడదు, ఫోన్ లేదు. పక్కన కూర్చుని మా ఆవిడ చెప్పిందంతా వినక తప్పలేదు. నిజం చెప్పాలంటే పెళ్లయ్యాక మేం అంతసేపు మాట్లాడుకున్నది అప్పుడే!

ఆవిడ కూడా ఇద్దామనే వచ్చింది. హిమోగ్లోబిన్ 11.8 ఉందని వద్దన్నారు, కనీసం 12.5 ఉండాలట. మొహం చిన్నబుచ్చుకుంది. డాక్టర్‌కి చూపించుకుని ఐరన్ మాత్రలు వాడి, తర్వాతి ఏడాది రక్తం ఇచ్చింది. మీరూ వెళ్లేముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూపించుకోండి. ప్లేట్‌లెట్లు ఇవ్వాలనుకుంటే మాత్రం, ఈమధ్య ఆస్పిరిన్ వేసుకుని ఉంటే తప్పకుండా చెప్పండి. అది వేసుకుంటే ప్లేట్‌లెట్లు సరిగ్గా పనిచేయవు.

ఆ వృద్ధాశ్రమానికీ తర్వాత ఫోన్ చేశాం. పూలూ దుప్పట్లూ ఏమీ అడగలేదు. నెలకోసారి కొందరిని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు కావాలన్నారు. ఇప్పుడు అదీ చేస్తున్నాం, ఫిబ్రవరి అనే కాదు. ఆ రోజు అటు తిరిగి పడుకున్నావిడ మా కారులో ముందు సీటు ఎవరికీ ఇవ్వరు.