యుద్ధం మాట ఎత్తని తాతగారి గురించి ఏమి రాయాలి?

మీ తాతగారు సైన్యంలో పనిచేశారనీ, పొలాలూ చెరువులూ తిరగడమంటే ఆయనకు ప్రాణమనీ, యుద్ధం సంగతులు మాత్రం ఎన్నడూ చెప్పలేదనీ, సంవత్సరీకాల నాటికి ఆయన జీవితాన్ని నాలుగు పేజీల్లో రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలనీ అడిగారు. మా తాతగారు పోయినప్పుడు నేనూ ఇదే చిక్కులో పడ్డాను. చివరకు ఆయన నడక దగ్గర మొదలుపెట్టాను.

మాది కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డున ఉన్న చిన్న పల్లె. మిలిటరీ మాధవరంలా సైనికుల ఊరుగా పేరు పడింది కాదు. మా ఊళ్లో ‘మిలిటరీ ఆయన’ అంటే ఒక్క మా తాతగారే. 1964లో బెంగళూరు అలసూరు చెరువు దగ్గరున్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ కేంద్రంలో చేరి సాపరయ్యారు. సైన్యం వెళ్లడానికి వంతెనలు కట్టడం, దారులు వేయడం, శత్రువు పాతిన మందుపాతరలు తీయడం సాపర్ల పని. పదిహేడేళ్ల తరవాత ఇంటికి వచ్చేసి, మరే ఉద్యోగం జోలికీ పోకుండా, తెల్లవారకముందే చేతికర్రతో గట్ల వెంట బయలుదేరేవారు. చలికాలంలో నన్ను సైకిలు మీద ఆటపాక తీసుకెళ్లి గూడబాతుల్ని చూపించేవారు. 2006లో కొల్లేటి ఆక్రమణలు తొలగిస్తూ చేపల చెరువుల గట్లు తెంచినప్పుడు ఊరంతా గగ్గోలు పెడుతుంటే (మా రెండెకరాల చెరువూ అందులో పోయింది), ఆయన మాత్రం నీరు ఎటు పారుతోందో చూడటానికి రోజూ వెళ్లేవారు.

ఎంత అందమైన పక్షి ఎగిరినా, నడుస్తూ తల ఎత్తేవారు కాదు. ఆగిన తరవాతే చూసేవారు. చూపెప్పుడూ రెండు బారల ముందు నేల మీదే ఉండేది. మన్ను రంగు మారినా, గడ్డి ఒక్కచోటే వాడినా నిలబడిపోయేవారు. ఎండ్రకాయ బొక్కల్లోంచి గట్టు ఊటెత్తుతోందేమోనని కర్రతో గుచ్చి చూసేవారు, అదీ నిలువుగా కాదు, ఏటవాలుగా. “పైనుంచి పొడవకూడదురా అబ్బాయ్, పక్కనుంచి తడమాలి” అనేవారు. ఎండ్రకాయ బొక్కకు ఇంత మర్యాద ఎందుకో నాకు పదేళ్ల వయసులో అర్థం కాలేదు.

ఆయన పోయాక ట్రంకుపెట్టెలో డిశ్చార్జి పుస్తకమూ, 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో పశ్చిమ సరిహద్దున పనిచేసినవారికి ఇచ్చిన పశ్చిమీ స్టార్ పతకమూ దొరికాయి. ఆయనది తొమ్మిదో ఇంజినీర్ రెజిమెంట్. షకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది దగ్గర మందుపాతరల మధ్య యుద్ధట్యాంకులకు దారి తీసిన దళం అది; ఆ పనిలోనే ప్రాణాలు విడిచిన మేజర్ విజయ్ రత్తన్ చౌదరికి మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. దారి పూర్తిగా తెరుచుకోకముందే డిసెంబరు 16న ట్యాంకులు దాని మీదుగా ముందుకు సాగాయి. మందుపాతర పైభాగం మీద ఒత్తిడి పడితే పేలుతుంది కనుక, సాపర్లు సువ్వను ఏటవాలుగా గుచ్చి దాని పక్కభాగాన్ని తాకి కనిపెడతారని చదివినప్పుడు నాకు చేతికర్ర గుర్తొచ్చి చాలాసేపు పుస్తకం మూసుకుని కూర్చున్నాను.

అయినా ఆయన చెప్పని వీరగాథను నేను కల్పించలేదు, మీరూ కల్పించవద్దు. దళం సంగతి దళం సంగతిగానే రాసి, మిగిలిన మూడు పేజీలూ గట్లకూ కొల్లేటికీ ఇచ్చాను. డిశ్చార్జి పుస్తకం కోసం వెతకండి. అంతకన్నా ముందు మీ నాయనమ్మగారితో కూర్చోండి. నేను ఆ పని చివర చేసి పొరపాటు పడ్డాను. సంవత్సరీకం నాడు నేను రాసింది చదివి వినిపిస్తే, మా నాయనమ్మ పతకం గురించి ఒక్క మాటైనా అనలేదు. “యుద్ధమయ్యాక సెలవు మీద వచ్చినప్పుడు, పొలం వెళ్తుంటే ముందు తానే నడిచి, నన్ను తన అడుగులోనే అడుగు వేసుకుంటూ రమ్మనేవారురా. కొత్త మురిపెం కాబోలనుకుని నవ్వేదాన్ని” అంది. ఐదో పేజీ ఆ రాత్రే రాశాను.