ఇటాలిక్ డిస్‌ప్లే సెరిఫ్ ఫాంట్‌ను లోపలి పేజీల్లోనూ వాడవచ్చా?

పుస్తకం అట్ట మీది ఆంగ్ల శీర్షికకు ఒంపులు తిరిగిన ఇటాలిక్ డిస్‌ప్లే సెరిఫ్ ఫాంట్ (పక్కకు వాలి, గీతల చివర చిన్న అంచులుండే, శీర్షికల వంటి పెద్ద పరిమాణాలకని గీసిన అక్షరాలు) చక్కగా కుదిరిందనీ, లోపలి పేజీలకూ దానినే వాడవచ్చా అనీ మీరు అడిగారు. అట్టల రూపకల్పనలో ఇటువంటి ఫాంట్లతో తరచుగా పనిచేస్తుంటాను కనుక నా అభిప్రాయం సూటిగానే చెబుతాను: శీర్షికకు నిస్సంకోచంగా వాడండి, లోపలి పేజీలకు వద్దు.

ఇటాలిక్ కావడం ఇక్కడ అడ్డంకి కాదు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ప్రచురించిన రోమన్ కవి వర్జిల్ కావ్యసంపుటి ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన ఇటాలిక్ అక్షరాలతోనే అచ్చయింది. అందులో పెద్ద అక్షరాలు (క్యాపిటల్స్) మాత్రం నిటారుగానే ఉంటాయి. ఆ ఇటాలిక్ అక్షరాలు చిన్న పరిమాణంలో చదువుకోవడానికి చెక్కినవి. డిస్‌ప్లే ఫాంట్‌లోనైతే మందపు గీతకూ సన్న గీతకూ మధ్య తేడాను కావాలనే పెంచుతారు. 60 పాయింట్లలో (పాయింట్ అంటే అక్షరాల పరిమాణపు కొలత) అందమంతా ఆ సన్న గీతదే, కానీ 10 పాయింట్లకు దించితే అది గరుకు కాగితం మీద అక్కడక్కడా తెగిపోతుంది, నల్లని నేపథ్యంలో తెల్లగా వదిలితే సిరా పాకి పూడుకుపోతుంది. 18వ శతాబ్దం చివరినాటి అక్షరాల స్ఫూర్తితో క్లాస్ ఎగ్గర్స్ సోరెన్సెన్ రూపొందించిన ప్లేఫెయిర్ డిస్‌ప్లే ఇటాలిక్‌ను రెండు పరిమాణాల్లోనూ ముద్రించి పక్కపక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఫాంట్ నమూనా పట్టికను చూసి మురిసిపోవడం కంటే మీ శీర్షికలోని మాటలనే కూర్చి చూడటం మంచిది, ఎందుకంటే ఇటువంటి ఫాంట్ల వ్యక్తిత్వమంతా ఎఫ్, కె, జెడ్, ఆంపర్‌శాండ్ (&) వంటి కొద్ది రూపాల్లోనే ఉంటుంది, అవి లేని శీర్షికలో అది మామూలు ఇటాలిక్‌లాగే కనిపిస్తుంది. నేను ముందుగా చూసేది చిన్న ఎఫ్‌ను. పైన కుడివైపుకు వంగిన దాని కొన తరువాత వచ్చే ఐ చుక్కనో, ముగింపు కొటేషన్ గుర్తునో తాకుతుంది. లిగేచర్ (రెండు అక్షరాలను కలిపి గీసిన ఒకే రూపం) ఉంటే దానిని వాడాలి, లేకపోతే కెర్నింగ్‌ను, అంటే ఆ రెండు అక్షరాల మధ్య ఎడాన్ని, చేత్తో సరిచేయాలి. స్వాష్ తోకలు (అక్షరం నుంచి అలంకారంగా సాగే గీతలు) శీర్షికలో ఒకటి చాలు, రెండో తోక చేరగానే అవి ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. శీర్షిక మొత్తాన్ని పెద్ద అక్షరాల్లో కూర్చితే ఇటాలిక్‌లోని నడక పోతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచినా అంతే.

లోపలి వచనానికి గీతల మందంలో తేడా తక్కువగా ఉండే నిటారు సెరిఫ్‌ను ఎంచుకోండి. ఇదే శీర్షికను వెబ్‌పేజీలోనూ పెట్టేటట్లయితే ఇటాలిక్ ఫాంట్ ఫైలును విడిగా జతచేయడం మరువకండి; అది అందకపోతే బ్రౌజర్ నిటారు అక్షరాలనే పక్కకు వంచి చూపిస్తుంది, మీరు ముచ్చటపడి ఎంచుకున్న ఆ ఎఫ్ రూపం అందులో ఉండదు.