బోరు నీళ్లయితే సాల్ట్ సిస్టమ్‌కి తొందరపడకండి

ఇంటి పూల్‌కి సాల్ట్ క్లోరినేటర్ మంచిదా, ఓజోనా, మామూలు క్లోరిన్ సరిపోతుందా అని అడిగారు. అంతకంటే ముందు, పూల్ నింపేది ఏ నీళ్లతో అండీ?

మాది చేవెళ్ల వైపు తోటలో చిన్న పూల్, 22,000 లీటర్ల పైచిలుకు. బోరే ఆధారం. "ఇక క్లోరిన్ గొడవే ఉండదు, ఉప్పు వేస్తే చాలు" అన్నాడు అమ్మినాయన. 25 కిలోల బస్తాలు మూడు పోశాం. ఆ మిషన్ చేసే పని కూడా ఉప్పులోంచి క్లోరిన్ తీయడమేనని తర్వాత తెలిసింది!

మొదటి వేసవి హాయిగా గడిచింది, అబద్ధం ఎందుకు. పిల్లలకు కళ్లు మండలేదు. తర్వాత మిషన్‌లో క్లోరిన్ తయారయ్యే భాగం, అదే సెల్, దాని ప్లేట్లకు గీజర్ కాయిల్‌కి పట్టినట్టు తెల్లగా సున్నం పట్టేసింది. నీళ్లు టెస్ట్ చేయిస్తే హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగి ఉన్న సున్నం లెక్క) 700 పీపీఎం, అంటే లీటరుకు 700 మిల్లీగ్రాములు, దాటింది. పూల్‌కి 200-400 మధ్య ఉంటే బాగుంటుంది. సాల్ట్ సిస్టమ్‌లో పీహెచ్ ఊరికే పెరుగుతుంటుంది, అది పెరిగితే సున్నం ఇంకా తొందరగా పేరుకుంటుంది. ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, సున్నం మాత్రం అక్కడే ఉంటుంది. తగ్గిన నీళ్లు మళ్లీ బోరుతో నింపితే ఇంకాస్త చేరుతుంది. సెల్‌ను యాసిడ్ నీళ్లతో కడిగీ కడిగీ విసుగొచ్చింది. మూడో ఏడు అది పోయింది, కొత్తది వేయించలేదు.

ఇప్పుడు లిక్విడ్ క్లోరినే. ఎండలో నిలవదు కాబట్టి చీకటి పడ్డాక సుమారు అర లీటరు పోసి పంపు ఆన్ చేస్తాం. క్లోరిన్ 1-3 పీపీఎం, పీహెచ్ 7.2-7.6 ఉందో లేదో టెస్ట్ కిట్‌తో చూసుకుంటాను. వేసవిలో క్యాన్లు ఎక్కువ కొనిపెట్టుకోకండి, వేడికి పవర్ తగ్గిపోతుంది. యాసిడ్ క్యాన్‌ని వాటి పక్కన అస్సలు పెట్టొద్దు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. మా వాచ్‌మన్ రెండిటికీ ఒకే మగ్గు వాడబోతుంటే చూసి నా గుండె ఆగినంత పనైంది.

ఊరెళ్లినప్పుడు మాత్రం క్లోరిన్ టాబ్లెట్లు వేస్తాం. రోజూ అవే వాడితే వాటిలోని స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే మందు) పేరుకుపోయి క్లోరిన్ సరిగా పనిచేయదు, కొంత నీళ్లు తీసేసి కొత్తవి నింపాల్సిందే.

ఓజోన్, యూవీ లైటు మిషన్లు పైపులోంచి వెళ్లే నీళ్లనే శుభ్రం చేస్తాయి. పూల్‌లో దిగిన మనిషి నుంచి వచ్చే క్రిములకు క్లోరిన్ ఎలాగూ ఉండాలి. ఆ డబ్బు మంచి శాండ్ ఫిల్టర్‌కి పెట్టండి.

మీకు వచ్చేది మున్సిపల్ నీళ్లయి, హార్డ్‌నెస్ తక్కువుంటే సాల్ట్ సిస్టమ్ నిక్షేపంగా పెట్టించుకోవచ్చు. టెస్ట్ రిపోర్ట్ వచ్చాక అంకెలు చెప్పండి, చూద్దాం.