అమ్మానాన్నలకు ఒక పాసు, మనకు ఇంకో పాసు

ప్రశ్న: జర్మనీకి వచ్చి ఏడాదిన్నర అయింది. జూన్‌లో మా అమ్మానాన్నలు వస్తున్నారు. మాకు తొమ్మిదేళ్ల బాబు, మూడేళ్ల పాప. ఆరుగురం మ్యూనిక్ నుంచి రైల్లో స్విట్జర్లాండ్, ఇటలీ తిరిగి రావాలని ఉంది. అందరికీ యూరైల్ పాస్ తీసుకోమంటారా?

యూరైల్ అంటే యూరప్‌లో చాలా దేశాల రైళ్లకి పనికొచ్చే ఒకే పాసు. ముందు ఆ పాసు మాట పక్కన పెట్టి ఒక కాగితం మీద ఊళ్లు రాయండి. ఏ తేదీన ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎక్కడ ఎన్ని రాత్రులు. రూటు తేలకుండా పాసు కొనడమంటే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. మొదటిసారి నేనూ అదే చేశాను.

ఇంకో సంగతి. ‘అందరికీ యూరైల్’ కుదరదు. అది యూరప్ బయట ఉండేవాళ్లది. అమ్మానాన్నలు ఇండియాలో ఉంటారు కాబట్టి వాళ్లకి యూరైల్. మీరు జర్మనీలో ఉంటున్నారు కాబట్టి మీకూ బాబుకీ ఇంటర్‌రైల్, అంటే యూరప్‌లో ఉండేవాళ్లకిచ్చే అలాంటి పాసే. ఇక్కడ పాస్‌పోర్టు రంగుతో పని లేదు, ఉండే దేశమే లెక్క. చెకింగ్‌లో అడగొచ్చు, రెసిడెన్స్ పర్మిట్ కార్డు దగ్గరుంచుకోండి. ఇందులో ఒక తమాషా ఉంది. ఇంటర్‌రైల్‌తో మీరు ఉండే దేశంలో, అంటే జర్మనీలో, బయటికి పోయేటప్పుడు ఒక్కసారి, వచ్చేటప్పుడు ఒక్కసారి మాత్రమే ప్రయాణం చేయొచ్చు. యూరైల్‌కి ఆ అడ్డు లేదు. అంటే పాసు రోజులు మిగిలితే మీ నాన్నగారు బెర్లిన్ వెళ్లి రావచ్చు, మీకు మాత్రం విడిగా టికెట్ కావాలి! నాలుగేళ్ల లోపు పిల్లలకి పాసే అక్కర్లేదు. నాలుగు నుంచి పదకొండేళ్ల వాళ్లకి ఒక్కో పెద్దవాళ్లతో ఇద్దరి వరకు ఉచితం. అరవై దాటినవాళ్లకి పది శాతం తగ్గింపు.

ఇక లెక్క. మ్యూనిక్–జూరిక్–లూసెర్న్ ఒక రోజు, ఇంటర్‌లాకెన్ ఒకటి, అక్కడి నుంచి మిలాన్, తర్వాత వెనిస్, చివరికి బ్రెన్నర్ కనుమ మీదుగా మ్యూనిక్. మొత్తం ఐదు రైలు రోజులు. పాసులో రైలెక్కిన రోజులే లెక్క. ఐదు రోజుల పాసంటే పెద్దవాళ్లకి తలకి రోజుకి 60 యూరోలకి అటూ ఇటూగా పడుతుంది. లూసెర్న్ నుంచి ఇంటర్‌లాకెన్ రెండు గంటల దారి, దానికి ఒక రోజు ఖర్చు చేయడం నాకైతే దండగ అనిపిస్తుంది. రెండు మూడు నెలల ముందు తేదీలు ఖాయం చేసుకోగలిగితే ఈ చుట్టుకి విడి టికెట్లే చవక. రేపటి ప్లాను రేపు చూసుకుందాం అనుకునేవాళ్లకీ, చివరి నిమిషంలో టికెట్లు కొనేవాళ్లకీ పాసు మేలు.

ఇక్కడ వెయిటింగ్ లిస్టు, ఆర్ఏసీ, తత్కాల్ లేవు. చాలా దూరపు రైళ్లకి విమానం టికెట్టులాగా రోజులు గడిచేకొద్దీ ధర పెరుగుతుంది. చవక టికెట్టు ఆ రైలుకే చెల్లుతుంది. రైళ్లు మారాల్సి వస్తే మొత్తం దారికి ఒకే టికెట్టుగా తీసుకోండి. రెండు ముక్కలుగా కొని, మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే రెండో టికెట్టు డబ్బులు గోవిందా.

ఇప్పుడు నా నిర్వాకం. మిలాన్ నుంచి వెనిస్ వెళ్లే ఫాస్ట్ రైలుకి పాసు ఉన్నా సీటు రిజర్వేషన్ విడిగా కొనాలి, తలకి పదిహేను యూరోల లోపు. అది తెలుసు. పెద్దవాళ్లం నలుగురికీ కొన్నాను. పిల్లాడి పాసు ఉచితం కదా అని వాడిని వదిలేశాను. గేటు దగ్గర ‘బాబు సీటు ఏది?’ అన్నారు. రైలు నిండిపోయింది. మా ఆయన అత్తయ్యా మామయ్యలతో ముందు వెళ్లారు. నేనూ వాడూ మామూలు రైళ్లలో వెరోనాలో మారుకుంటూ, స్టీలు డబ్బాలో పులిహోర తింటూ సాయంత్రానికి చేరాం. పాసు ఉచితమైనా సీటు ఉచితం కాదు. ఫ్రాన్స్ ఫాస్ట్ రైళ్లు టీజీవీల్లోనూ ఇంతే. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ లోపల చాలా రైళ్లకి రిజర్వేషన్ తప్పనిసరి కాదు. అయినా పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి జర్మనీలో సీట్లు కొనేయండి.

స్విట్జర్లాండ్‌లోనే నాలుగైదు రోజులు ఉంటే స్విస్ ట్రావెల్ పాస్ లెక్క విడిగా వేసుకోండి. బస్సులు, పడవలు, మ్యూజియంలు అందులోనే వస్తాయి. దానితోపాటు ఫ్యామిలీ కార్డు అడిగితే ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలు తల్లిదండ్రులతో ఉచితం. మనవాళ్లందరూ ఎక్కాలనుకునే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్, అదే 3454 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్, ఏ పాసులోనూ పూర్తిగా రాదు. స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నా కొండ కింది ఊరు గ్రిండెల్‌వాల్డ్ దాటాక టికెట్టు కొనాల్సిందే, కాకపోతే కాస్త తగ్గుతుంది. మబ్బు ఉంటే పైన తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు. పొద్దున్నే ఇంటర్నెట్‌లో అక్కడి కెమెరా చూసి అప్పుడు కొనండి.

ఫోన్ పాసుల్లో ఒక మెలిక ఉంది. అందరి పాసులూ ఒకే ఫోన్‌లో పెట్టుకోవచ్చు. కానీ రైలెక్కకముందే ఆ ప్రయాణాన్ని ప్రతి ఒక్కరి పాసులోనూ చేర్చాలి. లేకపోతే టికెట్ లేనట్టే లెక్క.

టికెట్టు మీద స్టేషన్ పేరు రెండుసార్లు చూడండి. వెనిస్‌లో మెస్త్రే ఒడ్డున ఉంటుంది, నీళ్ల మధ్యకి వెళ్లేది శాంటా లూచియా. నాంపల్లి, కాచిగూడ, సికింద్రాబాద్ తేడా అన్నమాట. ఎర్రచొక్కా కూలీలు ఉండరు, చిన్న స్టేషన్లలో రైలు రెండు నిమిషాలే ఆగుతుంది. మూడు పెద్ద సూట్‌కేసులు కాకుండా, మీ అమ్మగారు స్వయంగా ఎత్తగలిగేవి నాలుగు చిన్నవి సర్దండి.