పాలు తాగే బిడ్డ కస్టడీ విషయంలో తల్లికి ఏ హక్కులున్నాయి?

గుంటూరు నుంచి ఒక సోదరి, తన ఏడు నెలల పాపను భర్త విజయవాడలోని అతని తల్లిదండ్రుల వద్దకు తీసుకుపోయి, పాలివ్వడానికి కూడా తనను రానివ్వడం లేదని, చట్టం ఏమంటుందని అడిగారు.

హిందువులకు వర్తించే 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ తండ్రిని సహజ సంరక్షకుడిగా పేర్కొంటూనే, అయిదేళ్లు నిండని బిడ్డ కస్టడీ సాధారణంగా తల్లికే ఉండాలని చెప్పింది. ‘సాధారణంగా’ అన్నారు కనుక, తల్లి వద్ద బిడ్డ క్షేమానికి ముప్పుందని అవతలి పక్షం చూపగలిగితే కోర్టు వేరే విధంగా నిర్ణయించవచ్చు. ఆమెకు సంపాదన లేదనడం ఒక్కటే అందుకు చాలదు. పాలివ్వడం రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణ కింద తల్లికి విడదీయరాని హక్కని, పాలు పొందే బిడ్డ హక్కు కూడా అందులో కలిసే ఉంటుందని 2021లో కర్ణాటక హైకోర్టు పేర్కొంది. ఆ తీర్పు ఆంధ్రప్రదేశ్ కోర్టులకు శిరోధార్యం కాకపోయినా మీ వాదనకు గట్టి బలమిస్తుంది.

పాప ఇంతకాలం ఉన్న ఊరు గుంటూరే కనుక, అక్కడి ఫ్యామిలీ కోర్టులో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేసి, వెంటనే 12వ సెక్షన్ కింద మధ్యంతర కస్టడీ (తుది తీర్పు వచ్చేదాకా బిడ్డ మీ వద్ద ఉండేలా ఉత్తర్వు) కోరండి. ఆలస్యం చేయకండమ్మా, బిడ్డ తాగకపోతే పాలు తగ్గిపోతాయి. ఈలోగా వాటిని పిండుతూ ఉండండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది.