అమ్మడూ, ఆ బొటనవేలు గుర్తుపెట్టుకో

అవనిగడ్డ

అమ్మడూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, నువ్వు పదిరోజులు సెలవు పెట్టి మన ఇంట్లో పోయినవాళ్ళందరి మరణ రికార్డులు వెతకడానికి వస్తున్నావని చెప్పింది. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఈ పని తలపెట్టలేదు. నువ్వు తలపెట్టావని గర్వంగా ఉంది. నవంబరులో వస్తున్నానన్నావట, అది విన్నప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది.

అందుకే ముందు ఈ మాట. కార్తీకంలో రావద్దు. వాతావరణం బాగుందని ఫోన్లో చూపించినా రావద్దు. సంక్రాంతి వెళ్ళాక రా. అప్పుడు సముద్రం నెమ్మదిగా ఉంటుంది, ఆఫీసుల్లో మనుషులు కూడా తీరిగ్గా మాట్లాడతారు. హంసలదీవి చూడాలని ఉంటే నేనే పగటిపూట తీసుకెళ్తాను. ఒక్కదానివీ వెళ్ళొద్దు.

ఇక పని సంగతి. మీ నాన్నది తేలిక. 2021లో వాడు పోయింది విజయవాడ ఆసుపత్రిలో కాబట్టి రికార్డు విజయవాడ కార్పొరేషన్‌లోనే ఉంటుంది. ఊళ్ళో పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగి లాభం లేదు. మనిషి ఎక్కడివాడన్నది కాదు, ప్రాణం ఎక్కడ పోయిందన్నది లెక్క. సర్టిఫికెట్‌లో తాతయ్య పేరు తప్పు పడిందని మీ అమ్మ బాధపడుతోంది. దానికి బాధ అక్కర్లేదు, సవరణకి అర్జీ పెడితే సరిపోతుంది. విషయం తెలిసిన ఇద్దరు పెద్దమనుషుల వాంగ్మూలం కావాలి. వాళ్ళలో ఒకణ్ణి నేను. అసలు రాతని కొట్టెయ్యకుండా పక్కన మార్జిన్‌లో సరిచేసి, తేదీ వేసి సంతకం పెడతారు. పాత పుస్తకాలు చూసేటప్పుడు కూడా నీ కన్ను మార్జిన్ మీద ఉండాలి.

ఇంకోటి. మన తాతలకి గుండెజబ్బు ఉందో లేదో ఆ నకళ్ళలో చూసి తెలుసుకుంటానన్నావట. మరణ కారణం రిజిస్టరులో ఉంటుంది గానీ నకలులో ఇవ్వరు. 1969 చట్టంలోనే అలా ఉంది. ఆ సంగతి నన్ను అడుగు. నాకు తెలిసినంత చెప్తాను.

మా తాతయ్యది, అంటే నీకు ముత్తాత తండ్రిది, కష్టం. మీ నాయనమ్మ నోట్‌బుక్‌లో ‘కాళయుక్తి ఆశ్వయుజ బహుళం’ అని ఉంది కదా. కాళయుక్తి అనే తెలుగు సంవత్సరం అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1918లో వచ్చింది, మళ్ళీ 1978లో వచ్చింది. మీ అమ్మ 1978 అనుకుని వెతికించిందట, పాపం. మా నాన్నకి ఆరేళ్ళప్పుడు ఆయన పోయాడు కాబట్టి అది 1918 అక్టోబరు చివరి రోజులు. దేశమంతా ఇన్‌ఫ్లుయెంజాతో పిట్టల్లా రాలిపోయిన రోజులవి. ఊళ్ళో చావులు రాయాల్సిన గ్రామాధికారులు, ఆ మునసబులే మంచాన పడ్డారు. రాసినచోట కూడా కారణం ‘జ్వరం’ అని ఒక్క ముక్కే ఉంటుంది. దొరకలేదని కుంగిపోకు. మా నాన్న ఏటా తద్దినం పెట్టిన తిథి మనకి ఉంది. మా అమ్మమ్మ వాళ్ళది ఏలూరు వైపు. 1925 దాకా అదీ కృష్ణా జిల్లాయే, పశ్చిమగోదావరి తర్వాత వచ్చింది. కాబట్టి వాళ్ళవి వెతికేటప్పుడు ఇప్పటి జిల్లా పేరు పట్టుకుని కూర్చోకు.

బందరు వెళ్తే డచ్చివాళ్ళ సమాధులు చూడు. ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళ పేర్లు, తేదీలు రాయి మీద చెక్కి ఈ రోజుకీ ఉన్నాయి. అదే బందరులో 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనకి దాదాపు ముప్ఫై వేలమంది పోయారంటారు. వాళ్ళకి పేర్లు లేవు, అంకె ఒక్కటే మిగిలింది. ఆ సమాధుల మధ్య నిలబడినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

పాత పుస్తకాలు తహసీల్దార్ ఆఫీసు రికార్డు రూములో అడగాలి. మాస్కు పెట్టుకో. చిన్నప్పుడు నీకు ఆయాసం వచ్చేది, నేను మర్చిపోలేదు. వేలు తడిచేసి పేజీ తిప్పకు, ఉప్పుగాలికి ఆ కాగితం అప్పడంలా అయిపోయి ఉంటుంది. ఆఫీసు బయట ఎవరైనా డబ్బులిస్తే ఎంట్రీ పుట్టిస్తామంటే వాళ్ళ దగ్గర నిలబడనేవద్దు. పుస్తకంలో లేకపోతే లేదని రాసివ్వమను, నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. అదీ ఒక రికార్డే, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పాలి.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు. నాకు ఇరవైమూడేళ్ళు. డిగ్రీ పూర్తికాక, మునసబుగా ఉన్న మా మేనమామ దగ్గర రాతపనికి సాయంగా ఉన్నాను. ఆ రాత్రి ఎలా గడిచిందో ఇక్కడ రాయను. డాబా మీదకి ఎక్కగలిగినవాళ్ళం బతికాం. నీళ్ళు తీశాక పోయినవాళ్ళ పేర్లు రాయాల్సి వచ్చింది. ట్రంకుపెట్టెలో రిజిస్టరు తడిసి ముద్దైపోయింది. బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి దొరికితే, తడి తగిలితే ఊదారంగు తేలే పెన్సిల్‌తో అందులో రాశాను. రాసేవాణ్ణి నేను, పక్కన కూర్చుని పేర్లు పలికేది మామయ్య. మధ్యాహ్నానికి ఆయన గొంతు పోయింది. ఇక నేనే అడగడం, నేనే రాయడం.

ఒకాయన వచ్చాడు. వలలు వేసేవాడు. పేరు ఇక్కడ రాయను. చెయ్యి ముందుకు చాపి చిటికెనవేలి నుంచి ఒక్కొక్కటే మడుస్తూ చెప్పాడు. అమ్మ. భార్య. పెద్దోడు. ఆడపిల్ల. పేర్లు, వయసులు అడిగి రాశాను. బొటనవేలు మడిచి ‘పసిది’ అన్నాడు. పేరేంటన్నాను. ‘ఇంకా పెట్టలేదయ్యా, ఇరవయ్యొకటో రోజున పెడదామనుకున్నాం’ అన్నాడు. నేను పెన్సిల్ ఎత్తి, వెనకాల నిలబడ్డ మనిషిని ‘నువ్వు చెప్పు’ అన్నాను. పేరు లేకపోతే ‘పేరు పెట్టలేదు’ అని రాసి తల్లి పేరు వేస్తే సరిపోతుంది. అప్పుడు నాకది తెలియదు. మామయ్య పక్కనే ఉన్నాడు, అడగొచ్చు. అడగలేదు. ఆ నోటుపుస్తకం చూసే తర్వాత రిజిస్టరు రాశాం.

అది తెలియనితనం అనుకో. అసలు తప్పు తర్వాత చేశాను.

1983లో ఆయన ఇంటిస్థలం కాగితాల కోసమని నకలు అడగడానికి వచ్చాడు. మామయ్య ఊళ్ళో లేడు. పుస్తకం తీసి నేనే చదివాను. నేను ఒక్కో పేరూ చదువుతుంటే ఆయన ఒక్కో వేలూ మడిచాడు. నాలుగు పేర్లూ అయిపోయాయి. బొటనవేలు అలాగే నిలబడిపోయింది. ‘అయిదోది కూడా చదవండయ్యా’ అన్నాడు. లేదన్నాను. ఎందుకు లేదన్నాడు. అప్పటికి నాకు తెలుసమ్మా. ఏడాది దాటినా మేజిస్ట్రేటు ఆర్డరు తెచ్చుకుంటే రాయొచ్చని తెలుసు. ఆ తిరుగుడు నా మెడకి చుట్టుకుంటుందనుకున్నాను. ‘పేరే లేనిదాన్ని ఏమని రాస్తాం? ఇప్పుడు దాంతో పనేముంది?’ అన్నాను.

ఆయన నాతో తగువు పెట్టుకోలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, నకలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఏడాదే మునసబులు, కరణాల ఉద్యోగాలు తీసేశారు. నేను పరీక్ష రాసి ఆఫీసులో గుమాస్తానయ్యాను. 2012లో రిటైరయ్యేదాకా నా దగ్గరికి నకలు కోసం వచ్చిన ఎవర్నీ ‘దాంతో పనేముంది’ అని అనలేదు. ఆయన మాత్రం మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

అందుకని, నువ్వు పుస్తకాలు చూసేటప్పుడు మన ఇంటిపేరు ఒక్కటే వెతుక్కుంటూ గబగబా తిప్పెయ్యకు. ‘ఫలానావారి భార్య’ అని ఒక్క ముక్కే ఉంటే అది మన నాయనమ్మల్లో ఎవరో కావచ్చు. పేరు గడి ఖాళీగా ఉండి తల్లి పేరు ఉంటే ఆగి రాసుకో. మా అమ్మకి నా ముందు ఇద్దరు పోయారు. ఒకడికి మూడు రోజులు, ఇంకో పిల్లకి నెల. ఆ మాట మీ నాన్నకి కూడా చెప్పలేదు. వాళ్ళని కూడా నీ వంశవృక్షంలో వెయ్యి తల్లీ.

ఆ వలలు వేసే ఆయన పోయి చాలా ఏళ్ళైంది. రెండో పెళ్ళి కొడుకు నాగాయలంకలో చేపల వ్యాపారం చేసుకుంటున్నాడు. 2023 అక్టోబరులో చట్టం మారింది. ఏడాది దాటిన కేసులకి కోర్టుకి వెళ్ళక్కర్లేదు, రెవెన్యూ అధికారుల దగ్గరే ఆర్డరు తీసుకోవచ్చు. అర్జీ నేను రాసి పెట్టాను. పేరు గడిలో ‘పేరు పెట్టలేదు’ అని, తల్లి పేరు, తేదీ అన్నీ వేశాను. అర్జీదారుగా సంతకం మాత్రం ఆ అబ్బాయిది కావాలి. రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. వాళ్ళింటికి ఈసారి నువ్వు నాతో రావాలి.

మీ నాన్న ఆధార్ జిరాక్సులు రెండు, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితం పట్టుకురా. పుస్తకాలు చూడ్డానికి చిన్న టార్చిలైటు కూడా. విజయవాడలో బస్సెక్కగానే ఫోన్ చెయ్యి, స్టాండులో ఉంటాను.

మీ చిన్నతాతయ్య